రెండు శాతం

ఒళ్ళో ఐసు పెట్టె. మూత గట్టిగా పట్టుకో ఆపా, అన్నాడు జావీద్ కారు తలుపు వేస్తూ. నా చెల్లెలి మొగుడు, దానిలాగే నన్ను అక్క వరసన ఆపా అంటాడు, పాపం ఏం చెప్పాలో తోచక ఏదో ఒకటి అన్నాడు. ఖాళీ పెట్టెకు మూతెందుకురా అని అరవబోయి ఊరుకున్నాను. అందులో ఇప్పటికి ఉన్నవి ఐసు గడ్డలే, రావలసినవి రెండు రక్తం సంచులు, అవి ఎమ్మిగనూరులో ఉన్నాయి, నా చెల్లెలు జాస్మిన్ ఆదోని ఆస్పత్రిలో ఉంది, మధ్యలో ఈ రోడ్డు, రోడ్డు మీద లోకంలోని పత్తి అంతా. మార్కెట్ యార్డు గేటు దగ్గర లారీలు ఒకదాని వెనక ఒకటి, పత్తి కూరిన బోరాలు రెండు పక్కలా కడుపులు పొంగినట్టు బయటికి ఉబ్బి, ఏ లారీ వాడూ కదలడు, బీడీ కాల్చుకుంటూ కింద నిలబడి ఉంటాడు, వాడి పత్తికి ఏ తొందరా లేదు. కేశవులన్న హారన్ మీద చెయ్యి తీయడం లేదు. మా వీధిలోనే ఆయన పత్తి దుకాణం, మా అమ్మీ ఏడుస్తూ బయటికొస్తే లెక్కలు వదిలేసి కారు తీసిన మనిషి, ఆయన మీద కోపం పెట్టుకోకూడదు. కానీ ఈ రోజు నాకు కోపం రాని మనిషి లేడు. ఏం గాదులేమ్మా, పోతాండాం గదా, అంటున్నాడు ప్రతి లారీ దగ్గరా. పోవడం లేదన్నా, నిలబడి ఉన్నాం.

కడుపులో మాయ కిందికుంది, పొద్దుటి నుంచి రక్తం పోతోంది, బిడ్డను కోసి తీయాల్సిందే, కానీ ఓ నెగటివ్ సంచులు రెండు నా పక్కన పెట్టుకోకుండా నేను కత్తి ముట్టను, అంది డాక్టరమ్మ. ఆమెను తప్పు పట్టడానికి లేదు, కడుపు కోశాక రక్తం ఆగకపోతే ఏమవుతుందో ఆమెకు తెలుసు, ఆమె మొహం చూశాక నాకూ తెలిసింది. ఆదోనిలో ఈ రోజు ఆ రక్తం ఒక్క సంచీ లేదు. జాస్మిన్ పేరు మీదే రెండు సంచులు ఎమ్మిగనూరు రక్తనిధిలో తీసిపెట్టి ఉన్నాయి, ఫ్రిజ్‌లో, ఆమె పేరు చీటీ అంటించుకుని. తీసిపెట్టింది ఒక సిస్టం. తల్లి పేరు, ఊరు, నెల, రక్తం అన్నీ ఎక్కించుకుని, రక్తం అరుదైనదైతే ఎనిమిదో నెల నుంచి ఆమె ఇంటికి దగ్గరి రక్తనిధిలో రెండు సంచులు పక్కన పెట్టించే సిస్టం, వందల ఆస్పత్రులను కలిపి కట్టినది. కట్టింది మా కంపెనీ. ఆదోని ఆస్పత్రి కంప్యూటరులో నా చెల్లెలి పేరు కొడితే ఈ ప్రాంతంలో నమోదు లేదు అని వచ్చింది, ఎర్ర అక్షరాల్లో. ఆ ఎర్ర రంగు ఎవరు ఎంచారో కూడా నాకు తెలుసు, దాని మీద ఒక పూటంతా చర్చ జరిగింది, రంగు మీద.

బయల్దేరే ముందు ఎమ్మిగనూరు రక్తనిధిలో పనిచేసే సుధ అనే ఆమెకు ఫోన్ చేస్తే, ఆమె ఈడ అడ్మిట్ గాలేదు మేడం, సిస్టం ఇయ్యనంటాది, మీరు రాండి సూస్తాం, అంది. చూస్తాం అంటే ఏమిటి? సిస్టం ఇవ్వనంటే ఇవ్వదు, అది నాకంటే ఎవరికి బాగా తెలుసు. నువ్వు ఆ కంపెనీలోనే గదా ఆపా, ఒక్క ఫోన్ కొట్టి ఇడిపించలేవా, అని జావీద్ అడిగాడు, అమ్మీ కూడా నా మొహంలోకి చూసింది, నేనేదో తాళంచెవి కొంగున ముడేసుకుని దాస్తున్నట్టు. తాళంచెవి లేదమ్మీ. తలుపే పెట్టలేదు.

యార్డు దాటాం. జిన్నింగు మిల్లుల గోడల వెంట కంపచెట్లకు పత్తి పీచు వేలాడుతోంది, చిన్నప్పుడు నేనూ జాస్మినూ దాన్ని ఏరి బొమ్మకు దిండు చేసేవాళ్ళం. జాస్మిన్ దిండు కుట్టేది కాదు, సూదంటే భయం, సూది నాకిచ్చి తను దూరంగా కూర్చుని కళ్ళు మూసుకునేది, బొమ్మను పొడుస్తున్నా దానికి నొప్పే. అదిప్పుడు రెండు చేతులకూ సూదులు గుచ్చించుకుని పడుకుని ఉంది. నేను బయల్దేరుతుంటే కళ్ళు తెరిచి, ఆపా, భయం లేదులే, నాకు రక్తం తీసిపెట్టినారు గదా, నువ్వే గదా సేసింది ఆ సిస్టం, అంది. పోయిన నెల ఫోన్లో కూడా అదే, ఎంత మురిపెంగా చెప్పిందో, మీ కంపెనీ పేరు ఫోన్లో వచ్చిందాపా, నా పేరు మీద రెండు సంచులంట, మా అత్తకు సూపిచ్చినా, అని. నేను నవ్వి ఊరుకున్నాను. దానికి ఏం చెప్పేది? ఆ సంచులు ఎమ్మిగనూరులోని నీ అత్తగారింటికి తీసిపెట్టారు జాస్మిన్, నీకు కాదు, అని చెప్పనా? చెప్పాను కూడా, కాన్పు ఎమ్మిగనూరులోనే చేయించుకోమని ఇంటిల్లిపాదికీ చెప్పాను. అమ్మీ ఒక్క మాటతో కొట్టేసింది, తొలికాన్పు అత్తగారింట్లోనా, నేను బతికుండంగనే? జావీద్ వాళ్ళమ్మ కూడా అదే, పుట్నింటికి పంపకపోతే మమ్మల్ని ఏమనుకుంటారు నలుగురు, అని. పెట్టె సర్ది, గాజులు తొడిగి, బస్సు వద్దని ఆటో మాట్లాడి పంపించారు. ఎవరి తప్పు? తొలికాన్పుకు బిడ్డను తల్లి దగ్గరికి పంపడం తప్పా? దాన్ని తప్పు చేసింది ఎవరు?

నా ఉద్యోగం ఏమిటో అమ్మీకి ఎన్నిసార్లు చెప్పినా అర్థం కాదు. ఊళ్ళు తిరిగి జనాన్ని అడుగుతాను, మీకు ఏం కావాలి అని. నర్సులు, డాక్టర్లు, గుమాస్తాలు, బాలింతలు. వాళ్ళు వందల సంగతులు చెబుతారు. అక్షరాలు పెద్దవి కావాలి, తెలుగులో కావాలి, బటన్ ఇక్కడ కాదు అక్కడుండాలి. వాటిలో చాలావరకు ఎప్పుడైనా చేయవచ్చు, ఇల్లు కట్టాక సున్నం కొట్టినట్టు, రంగు నచ్చకపోతే మళ్ళీ కొట్టుకోవచ్చు. కానీ ఆ వందల్లో ఏ పదో పన్నెండో ఉంటాయి, అవి పునాది తీయకముందే తెలియాలి, అవి తప్పితే తర్వాత గోడలు పడగొట్టాల్సిందే. మనుషులు వాటిని గట్టిగా చెప్పరు కూడా. బటన్ గురించి గొంతు చించుకుంటారు, వీటిని మాట మధ్యలో అనేసి వెళ్ళిపోతారు, ఎందుకంటే వాళ్ళకు అవి చెప్పాల్సిన సంగతులని తోచదు. అందరికీ తెలిసిందే కదా అనుకుంటారు. వాటిని పట్టుకోవడమే నా పని. జీతం తీసుకునేది అందుకే. పట్టుకున్నాను కదా, పట్టుకున్నాను, బల్ల మీద పెట్టాను, మొదటి పేజీలో, మొదటి వరుసలో పెట్టాను. ఈ తల్లులు నమోదైన చోట కనరు.

కేశవులన్న అద్దంలోంచి నన్ను చూస్తున్నాడు. నాలో నేను పెదవులు కదుపుతున్నానేమో. మాట్లాడిద్దామని మొదలుపెట్టాడు. "మా కోడలుది పత్తికొండ. ఆయమ్మ పుట్నింటికి పోయినప్పుడు గూడా ఇట్లనే పొద్దన్నే నొప్పులొచ్చె. మేము పోయేతలికి మనమడు పుట్టేసిన్యాడు. ఏం గాదులేమ్మా."

"మీ కోడలు కూడా పుట్టింట్లోనే కన్నదా అన్నా?"

"అదేం మాటమ్మా," అన్నాడాయన, నేను ఏదో తెలివి తక్కువది అడిగినట్టు. "ఇంగ యాడ కంటారు?"

ఇంకెక్కడ కంటారు. నవ్వొచ్చింది నాకు, ఏడుపు కూడా వచ్చింది, పెట్టె మూత మీద గోళ్ళు దిగబడ్డాయి. ఈ మాటే అన్నా, ఈ మాటే చల్లటి గదిలో అద్దాల బల్ల ముందు కూర్చుని అన్నాను, కాస్త ఇంగ్లీషు కలిపి, బొమ్మలు గీసి. హైదరాబాదులో, ఆరో అంతస్తులో. సాయిరాం గారు తెల్లబోర్డు ముందు నిలబడి ఉన్నాడు, మా చీఫ్ ఆర్కిటెక్ట్, సిస్టం నక్షా గీసేది ఆయనే, మెత్తటి మనిషి, ఎవరినీ కసురుకోడు, అదే నా ప్రాణానికొచ్చింది, కసిరితే నేనూ కసిరేదాన్ని. బోర్డు మీద గళ్ళు గీశాడు. ఏ ప్రాంతపు తల్లులు ఆ ప్రాంతపు గదిలో. ఆదోని వాళ్ళు ఆదోని గదిలో, ఎమ్మిగనూరు వాళ్ళు ఎమ్మిగనూరు గదిలో, గదికీ గదికీ మధ్య గోడ. వేగంగా ఉంటుంది, ఖర్చు తగ్గుతుంది, ఒక గది కూలినా పక్క గది నిలబడుతుంది, ఒక చోటి వివరాలు ఇంకో చోటివాళ్ళు చూడరు. ఒక్కటీ అబద్ధం కాదు. అన్నీ మంచి కారణాలే, చెడ్డ మనిషి చెడ్డ కారణంతో చేసి ఉంటే నాకిప్పుడు ఇంత మంట ఉండేది కాదు.

అన్నాను. సాయిరాం గారూ, కడుపుతో ఉన్న మనిషి ఒక చోట ఉండదండీ, అన్నాను. ఏడో ఎనిమిదో నెల దాకా అత్తగారిల్లు, ఆ తర్వాత పుట్టిల్లు, కాన్పయ్యాక నెలలు గడిచాక మళ్ళీ అత్తగారిల్లు. మా పక్క కోసిగి వైపు అయితే ఊళ్ళకు ఊళ్ళే కోతల కాలంలో సుగ్గికి వలస పోతాయి, గుంటూరు మిరప చేలకు, కడుపుతో ఉన్నవాళ్ళు కూడా కాయలు కోస్తూనే ఉంటారు. మనిషిని బట్టి కట్టాలి, ఊరిని బట్టి కాదు. తల్లి ఎక్కడికి పోతే ఆమె వివరాలు, ఆమె రక్తం ఆమె వెంట పోవాలి. ఇది తర్వాత చేర్చే సంగతి కాదు, ఇదే పునాది. ఆయన శ్రద్ధగా విన్నాడు. తల ఊపాడు. మంచి పాయింట్ అన్నాడు. ఎంత శాతం ఉంటారండీ అలాంటివాళ్ళు? అన్నాడు.

శాతం. అప్పటికి పది ఆస్పత్రుల్లో ఒక నమూనా సిస్టం నడుస్తూ ఉంది, దాని లెక్క తెరిచాడు. నమోదైన చోటు కాక వేరే చోట కాన్పు జరిగినవి, రెండు శాతం. చూడండి, రెండు శాతం, అన్నాడు బాధగానే, నా తరఫున బాధపడుతున్నట్టు. రెండు శాతం కోసం మొత్తం నిర్మాణం మార్చలేం కదండీ, రెండో విడతలో చూద్దాం. నేను ఆ అంకె తప్పు అన్నాను. ఎలా తప్పు అన్నాడు. నాకు తెలియలేదు. తప్పని తెలుసు, ఎలా తప్పో తెలియదు, ఒంట్లో వేడి ఉందని తెలుసు, థర్మామీటరు మామూలుగానే చూపిస్తోంది. మా అమ్మను అడగండి, మీ అమ్మను అడగండి అన్నాను. అందరూ నవ్వారు, ఎగతాళిగా కాదు, ముద్దుగా. నా ఎదురుగా జయశ్రీ కూర్చుని ఉంది, టెస్టింగు చేసే పిల్ల, ఏడో నెల, విజయనగరానికి టికెట్ తీసుకుని ఉంది, వాళ్ళమ్మగారిల్లు అక్కడే. ఆమె వైపు చూశాను. ఆమె లాప్‌టాప్ వైపు చూసుకుంది. మీటింగయ్యాక క్యాంటీన్లో నా పక్కన కూర్చుని, మీరు చెప్పింది నిజమేనండీ, కానీ ఆయన అంకె అడిగారు కదా, అంది. ఇడ్లీని చట్నీలో అద్దుకుంటూ అంది. నీ కడుపే అంకె కదమ్మా, అనుకున్నాను నేను, అది పెట్టుకుని కూర్చున్నావు ఇంతసేపూ.

ఇంట్లో అందరికీ తెలుసు. ఆ బల్ల చుట్టూ కూర్చున్న ప్రతి మనిషీ అమ్మమ్మ ఊళ్ళో పుట్టినవాళ్ళే, వాళ్ళను అడిగితే ఆ ఊరి పేరు చెప్పి మామిడికాయల గురించి కూడా చెబుతారు. ఆఫీసు మెట్లెక్కేటప్పుడు చెప్పులతో పాటు ఆ బతుకునంతా కింద వదిలేసి వస్తారు కాబోలు, పైకొచ్చాక తల్లి అంటే ఒక వరుస, ఊరు అంటే ఒక గడి. పరాయి దేశం వాడు కట్టి ఉంటే వాడికేం తెలుసులే అనుకునేదాన్ని. మన వాళ్ళే. గోంగూర పచ్చడి తెచ్చుకుని పంచుకుని తిన్న వాళ్ళే.

నల్లరేగడి. రెండు వైపులా పత్తి కట్టెలు, ఏరేసిన చేలు, అక్కడక్కడా ఆఖరి కాయలు ఏరుతున్న ఆడవాళ్ళు, నడుం వంచి, ఒళ్ళో కట్టుకున్న గుడ్డలో పత్తి, దూరం నుంచి చూస్తే అందరూ నిండు నెలల్లో ఉన్నట్టే ఉన్నారు. సిగ్నల్ వచ్చింది. సాయిరాంకు మళ్ళీ ఫోన్. ఎత్తలేదు. మీటింగులో ఉన్నాను, ఏదైనా అర్జంటయితే సపోర్టుకు టికెట్ పెట్టండి ప్లీజ్, అని మెసేజి వచ్చింది, యంత్రం పంపే మెసేజి, ఆయన పంపింది కూడా కాదు. పెట్టాను టికెట్, అంటే మా భాషలో ఫిర్యాదు. ఒక చేత్తో పెట్టె పట్టుకుని, ఒక చేత్తో ఆ ఫోన్లో, ఈ కుదుపుల్లో, సమస్య రకం ఎంచుకోండి అంటే ఎంచాను. లాగిన్ కావడం లేదు, స్క్రీన్ నెమ్మదిగా ఉంది, ప్రింటు రావడం లేదు, ఇతరములు. ఇతరములు నొక్కాను. నా చెల్లెలు ఇతరములు. ఎంత తెలివైన వాళ్ళం మేము, ఎంత చక్కగా గళ్ళు గీశాం, ప్రాణం పోయేదాన్ని పెట్టడానికి ఒక్క గడి లేదు. జావీద్ నుంచి ఫోన్. గుండె జారి ఆ ఐసు పెట్టెలో పడింది. యాడున్నారాపా, అన్నాడు. సగం దాటినాం జావీద్, ఎట్లుండాది? కండ్లు మూసుకోని ఉండాది, పిలిస్తే పలుకుతాండాది, తొందరగా రాండి. పిలుస్తూనే ఉండు అన్నాను, పిలుస్తూనే ఉండు, ఆపకు. ఫోన్లో వెనక నుంచి అమ్మీ ఏదో చదువుతున్నట్టు వినిపిస్తోంది, దువా కాబోలు, నాకు ప్రార్థన కూడా నోటికి రావడం లేదు, తిట్లే వస్తున్నాయి. అల్లా క్షమించనీ క్షమించకపోనీ.

కోటేకల్ వచ్చింది. కేశవులన్న మాటలు ఆపేశాడు, బండి వేగం పెంచాడు, గేదెను తప్పించి, ట్రాక్టరును తప్పించి, ఎదురొచ్చే బస్సు వాడిని ఒక బూతు తిట్టి, నా వైపు చూసి నాలుక కరుచుకున్నాడు. తిట్టన్నా, బాగా తిట్టు, నా వంతు కూడా తిట్టు. ఒకవేళ ఇవ్వకపోతే? సుధ అనే ఆ మనిషి చేతులెత్తేస్తే? ఫ్రిజ్ అద్దం పగలగొట్టి తీసుకుంటాను. నిజంగా పగలగొడతాను, పోలీసులు రానీ, నేనే కట్టాను దీన్ని, నేనే పగలగొట్టాను అని చెబుతాను. నేను కట్టలేదు. నేను వద్దన్నాను. వద్దన్నదని నా పేరు ఎక్కడా ఉండదు, కట్టినవాళ్ళ జాబితాలో మాత్రం ఉంటుంది.

ఎమ్మిగనూరు రక్తనిధి ఆస్పత్రి వెనక వైపు, మెట్ల కింద గది. సుధ నా కంటే చిన్నది, మెడలో స్కార్ఫు, కళ్ళ కింద నలుపు, నన్ను చూడగానే లేచింది, మర్యాదకు కాదు. కార్డు చూసింది నా మెడలో. తీయడం మరిచిపోయాను దాన్ని.

"మీ కంపెనీదే గదా మేడం ఇది," అంది. "మీరు సేసినారు, మమ్మల్ని జనం తిడతాండారు. పోయిన వారం ఒకాయప్ప నా మీద సెయ్యెత్తినాడు."

"సుధా, తర్వాత నన్ను తిట్టు, కొట్టు. ఇప్పుడు రెండు సంచులు ఎట్లిస్తావో చెప్పు."

ఆమె తలుపు వైపు చూసింది. కేశవులన్న బయట మెట్ల మీద నిలబడి ఉన్నాడు. గొంతు తగ్గించింది. "ఆయమ్మ ఈడ అడ్మిట్ అయినట్టు ఎక్కియల్ల. ఈడనే కాన్పు అని కొట్టల్ల. అప్పుడు సంచి వదుల్తాది."

"ఆమె ఆదోనిలో ఉంది కదా."

"సిస్టంకు తెల్దు గదా మేడం."

అంత సులువు. దానికి ఏమీ తెలియదు కాబట్టి ఏం చెప్పినా నమ్ముతుంది. ఎక్కించు, ఎక్కించు అన్నాను, ఆమె కూర్చుని కొట్టడం మొదలుపెట్టింది, వేళ్ళు తడుముకోవడం లేదు, కళ్ళు కూడా తెర మీద లేవు, వార్డు, మంచం నెంబరు, చేర్చుకున్న డాక్టరు పేరు, అన్నీ ముందే తెలిసినట్టు గళ్ళు నింపుకుంటూ పోతోంది. అది చూస్తూ నిలబడ్డాను. ఇది మొదటిసారి చేస్తున్న చెయ్యి కాదు.

"ఇట్లా ఎంతమందికి చేసినావు సుధా?"

"అందరికీ మేడం. పుట్నింటికి పోయినోళ్ళందరికీ ఇట్లనే సేస్తాం, రక్తం అక్కర్లేనోళ్ళకు గూడా. నమూనా పెట్టినప్పటి నుంచీ. ఆదోనిలో, పత్తికొండలో, అందరూ ఇదే సేస్తారు, ఒకరికొకరం ఫోన్లో సెప్పుకుంటాం. లేకుంటే పని జరగదు గదా." ఆగి, భయంగా చూసింది. "పైన సెప్పాకండి."

రెండు శాతం. అందరూ అబద్ధం ఎక్కించగా, ఎక్కించడం చేతకాకో మరిచిపోయో మిగిలిన వాళ్ళు, వాళ్ళు రెండు శాతం. మిగతా పుట్టిళ్ళన్నీ అత్తగారిళ్ళ లెక్కలో కలిసిపోయాయి. సిస్టం తప్పుగా కట్టారు, జనం చావకుండా ఉండడానికి దానికి అబద్ధం చెప్పారు, ఆ అబద్ధాన్ని చూపించి సిస్టం సరిగ్గానే కట్టామన్నారు. ఎలా తప్పు అని అడిగాడు కదా సాయిరాం, ఇలా. ఇప్పుడు తెలిసింది, ఇప్పుడు తెలిసి నేనేం చేస్తున్నాను? అదే అబద్ధం, నా చెల్లెలి పేరుతో, నా కళ్ళ ముందర. ఆపు అని చెప్పవచ్చు. నిజం కొట్టు సుధా, ఆదోని అని కొట్టు, సిస్టం కాదనడం నమోదు కానీ, నా దగ్గర ఒక సాక్ష్యం ఉండనీ. సాక్ష్యమట. దాని పేరు జాస్మిన్, దానికి సూదంటే భయం, అది నా కోసం కళ్ళు మూసుకుని పిలిస్తే పలుకుతూ ఉంది.

"కన్ఫర్మ్ నొక్కమంటారా మేడం?" అంది సుధ.

"నొక్కు," అన్నాను.

తిరిగి వచ్చిన దారి నాకు గుర్తు లేదు. పెట్టె బరువెక్కింది, దాని చల్లదనం చీర దాటి తొడలకు తగిలింది, అంతే. యార్డు దగ్గర లారీలు మళ్ళీ అడ్డం పడితే కేశవులన్న కారు దిగి పరిగెత్తాడు, ఆ వయసులో, ఆ పొట్టతో, లారీ తలుపులు బాదుతూ, మా యింటి పిల్లప్పా, జరగండప్పా, జరగండి, అని కేకలేస్తూ. వాళ్ళు జరిగారు. బీడీలు పారేసి, వెనక్కీ ముందుకీ తోసుకుని, దారి ఇచ్చారు. పొద్దున వాళ్ళను తిట్టుకున్నాను.

థియేటరు తలుపు దగ్గర డాక్టరమ్మ చెయ్యి చాపే ఉంది. పెట్టె తీసుకుంది, తలుపు మూసుకుంది. అమ్మీ జపమాల పూసలు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. జావీద్ గోడకు తల ఆనించి నిలబడి ఉన్నాడు. తర్వాత ఏడుపు వినిపించింది, పెద్దది, కోపంగా ఉన్న ఏడుపు. ఆడపిల్ల. నర్సు తెచ్చి నా చేతుల్లో పెట్టింది, అమ్మీ చేతిలో ఇంకా జపమాల ఉందని. తల్లి? అన్నాను. రెండు సంచులూ ఎక్కుతాండాయి, బాగుండాది, నిన్నే అడుగుతాండాది ఆపా యాడుందని, అంది. అప్పుడు కూర్చున్నాను. అప్పుడు ఏడ్చాను, ముక్కు తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేక దాని గుడ్డకే తుడుచుకున్నాను. జావీద్ ఫోన్ మోగింది, మెసేజి, చదివి అయోమయంగా నాకు చూపించాడు. అభినందనలు, ఎమ్మిగనూరులో మీ కుటుంబంలోకి కొత్త అతిథి వచ్చారు. ఈ వాక్యం రాసింది కూడా మేమే. అమ్మీ చదివించుకుని నవ్వింది, ఏ ఊరైతే ఏమి బేటీ, ప్రాణాలతో ఉన్నారు, అంది. అంతే కదా అమ్మీ. అంతే కదా అని అందరూ ఊరుకున్నారు, ఇన్నాళ్ళూ, ప్రాణాలు దక్కించుకుని ఇళ్ళకు పోయారు.

సాయిరాం అప్పుడు చేశాడు ఫోన్. పిల్లను భుజానికి ఎత్తుకుని వరండాలోకి నడిచాను.

"నాజ్నీన్ గారూ, సారీ అండీ, ఇప్పుడే మీ టికెట్ చూశాను. కంగారు పడ్డాను. వెంటనే తెరిచి చూస్తే, మీ చెల్లెలు ఎమ్మిగనూరులోనే అడ్మిట్ అయ్యారు, రక్తం వెంటనే ఇచ్చినట్టుంది, కాన్పు కూడా అక్కడే. ఆల్ ఈజ్ వెల్ కదా? మన సిస్టం టైముకు పనికొచ్చింది."

చెప్పాను. మొత్తం చెప్పాను, సుధ పేరు తప్ప, గొంతు పెరుగుతూ ఉంటే పిల్ల కదిలింది, తగ్గించుకుని చెప్పాను. ఆ లెక్కలో నేను కూడా ఈ రోజు ఒక అబద్ధం కలిపి వచ్చానని చెప్పాను. ఆయన నిజంగానే విన్నాడు, నిట్టూర్చడం వినిపించింది.

"మీరన్నది నాకు అర్థమవుతోందండీ. మీ బాధ కూడా. కానీ ఇలాంటివి ఎన్ని జరుగుతున్నాయో చూపించడానికి ఏదో ఒక అంకె ఉండాలి కదా. పైవాళ్ళ ముందు ఏం పెట్టను? ఒక్క అంకె ఇవ్వండి, నేనే వాదిస్తాను."

రెండు నెలల కిందట ఆఫీసు గ్రూపులో సాయిరాం పెట్టిన ఒక ఫోటో వచ్చింది, చీర ఉయ్యాలలో చిన్న మొహం, కింద అందరి శుభాకాంక్షలు, నేనూ ఒక పువ్వు పెట్టాను.

"సాయిరాం గారూ, మీ పాప ఎక్కడ పుట్టింది?"

"మా పాపా? నంద్యాలలో. మా ఆవిడ కన్యక వాళ్ళ అమ్మగారి..." అని ఆగిపోయాడు.

ఆగనిచ్చాను. నా భుజం మీద పిల్ల ఊపిరి వెచ్చగా మెడకు తగులుతోంది.

"రాసుకోండి," అన్నాను. "ఒకటి. రెండోది ఇప్పుడే పుట్టింది, ఆదోనిలో."